పాతికేళ్ల తర్వాత హాస్టల్ బ్యాచ్‌ని ఒకచోట చేర్చడం ఎలా?

ఊళ్లో హైస్కూల్లో చదివినవాళ్లు కలుసుకోవాలనుకుంటే సంత రోజున నలుగురికి చెబితే చాలు, మిగతావాళ్లకి కబురు దానంతటదే వెళ్తుంది. రెసిడెన్షియల్ బ్యాచ్‌కి ఆ వీలు లేదు. శ్రీకాకుళం జిల్లా సరుబుజ్జిలి దగ్గర వెన్నెలవలస నవోదయలో ఏడేళ్లు పక్కపక్క మంచాల మీద పడుకున్న ఇద్దరిలో ఒకరిది ఇచ్ఛాపురం అయితే ఇంకొకరిది రణస్థలం. విజయనగరం జిల్లా ఎస్.కోట (శృంగవరపుకోట) దగ్గర కిల్తంపాలెం నవోదయలోనూ అంతే, సాలూరు పిల్లాడూ భోగాపురం పిల్లాడూ ఒకే బకెట్‌తో స్నానం చేస్తారు. 1962లో మొదలైన కోరుకొండ సైనిక్ స్కూలు బ్యాచ్‌లైతే జిల్లాలు కూడా దాటిపోతాయి. ఆఖరి పరీక్ష రోజు ట్రంకు పెట్టెలు బస్సు టాపు మీదకి ఎక్కాక ఒకరి ఊరు ఇంకొకరికి దారిలో కూడా తగలదు.

అందుకే ఈ పనిలో సగం మనుషుల్ని వెతకడమే. హాలూ భోజనాలూ శాలువాలూ అన్నీ కలిపి మిగతా సగం. ఆరు నెలల ముందు మొదలుపెడితే తీరికగా అవుతుంది. రెండు నెలల్లో చేద్దామనుకుంటే ఇప్పటికే వాట్సాప్‌లో ఉన్న పాతికమందే మళ్లీ కలుస్తారు.

1. బ్యాచ్‌ని చేరిన ఏడాదితో లెక్కకట్టండి

చాలామంది "ఫలానా ఏడాది టెన్త్ బ్యాచ్" అని బ్యానర్ రాయించేస్తారు. ఆ ఒక్క మాటతో ఎంతమంది జారిపోతారో చూడండి. ఇంటి బెంగతో ఏడో తరగతిలో గోడ దూకి వెళ్లి మళ్లీ రానివాడు, పచ్చకామెర్లు వచ్చి టీసీ తీసుకున్న అమ్మాయి, తప్పి కింది బ్యాచ్‌లో కలిసినవాడు, నాన్న పోతే పొలం చూసుకోవడానికి ఆగిపోయినవాడు. వీళ్లెవరికీ పిలుపు అందదు. తర్వాత ఫోటోలు చూసి "మనం వాళ్ల లెక్కలో లేం కదా" అనుకుంటారు. మొదటి చేరిక ఏ ఏడాదో అదే బ్యాచ్ పేరు కావాలి. మధ్యలో వచ్చి చేరినవాళ్లనీ అందులోనే కలపండి. నవోదయ వాళ్లు తొమ్మిదో తరగతి మైగ్రేషన్‌లో (కొందరు పిల్లల్ని ఏడాదిపాటు వేరే భాష రాష్ట్రపు నవోదయతో మార్చుకునే పద్ధతి) హిందీ రాష్ట్రం నుంచి వచ్చినవాళ్లని మరిచిపోకూడదు. వాళ్లకి మన పప్పూ ఆవకాయా ఇప్పటికీ గుర్తుంటాయి.

జాబితా కోసం ఆన్‌లైన్ షీటు ఒకటి తెరిచి ఈ గడులు పెట్టండి: అడ్మిషన్ నంబరు, బడి రికార్డులో పేరు, తండ్రి పేరు, అప్పటి ఊరు, డార్మిటరీ లేదా హౌస్, ఇప్పటి ఊరు, ఫోను, ఎవరు మాట్లాడారు, ఏ తేదీన. దిద్దే హక్కు ముగ్గురికి మించి వద్దు. పదిమందికి ఇస్తే వారం తిరిగేసరికి ఒకే మనిషి మూడు వరసల్లో ఉంటాడు. అందరి ఫోను నంబర్లున్న ఆ షీటు లింకుని గ్రూపులో పడేయకండి.

పేర్లు ఎక్కడ దొరుకుతాయంటే, మొదటిది బడి అడ్మిషన్ రిజిస్టరు. నకలు ఇవ్వమంటే ఇవ్వకపోవచ్చు. బ్యాచ్ తరఫున ఇద్దరు ప్రిన్సిపాల్‌కి ఉత్తరం రాసిచ్చి, అక్కడే కూర్చుని పేరూ తండ్రి పేరూ ఊరూ రాసుకుంటామని అడగండి. రెండోది పదో తరగతి మెమోలు. ఒక బడి పిల్లలకి హాల్‌టికెట్ నంబర్లు వరసగా పడతాయి కాబట్టి పదిమంది మెమోలు పక్కపక్కన పెడితే మధ్యలో ఏ నంబర్లు ఖాళీగా ఉన్నాయో కనబడుతుంది. మూడోది ఇంట్లో అటక మీద ఉంటుంది. హాస్టల్‌కి వెళ్లేటప్పుడు స్టీలు కంచం మీద పేరు కొట్టించేవారు కదా, అంచు వెంబడి సన్నని చుక్కల్లో ఇంటిపేరు పొడి అక్షరం, పేరు, కొన్నింటి మీద అడ్మిషన్ నంబరు కూడా. సెలవుల్లో కంచాలు మారిపోయి వేరేవాళ్లది మన ఇంటికి వచ్చేది. అలాంటివి ఎన్ని బయటపడితే అన్ని పేర్లు దొరికినట్టే.

రిజిస్టర్లో ఊరి చిరునామా చదివేటప్పుడు ఒక చిక్కు ఉంది. మండలాలు వచ్చింది 1985లో. అంతకుముందు చేరినవాళ్లకి తాలూకా పేరే ఉంటుంది. 1979 జూన్‌లో విజయనగరం జిల్లా ఏర్పడకముందు ఆ ప్రాంతంలో కొంత శ్రీకాకుళం కింద, కొంత విశాఖపట్నం కింద ఉండేది. 2022 ఏప్రిల్లో పాలకొండ, సీతంపేట పార్వతీపురం మన్యం జిల్లాలోకి, రాజాం విజయనగరంలోకి వెళ్లాయి. జిల్లా పేరు చూసి వెతక్కండి, ఊరు పేరు పట్టుకోండి. ఊరు ఎక్కడికీ పోదు.

2. వెతకడం, మొదటి ఫోను

పేరుతో ఫేస్‌బుక్‌లో వెతకడం మన దగ్గర పెద్దగా పనిచేయదు. అరసవల్లి దయవల్ల క్లాసుకి ఇద్దరు సూర్యనారాయణలు, పైడితల్లి దయవల్ల ఇద్దరు పైడిరాజులు, సింహాద్రి అప్పన్న దయవల్ల ముగ్గురు అప్పలనాయుళ్లు ఉండేవారు. అందుకే హాస్టల్లో ఊరి పేరు పెట్టి పిలుచుకునేవారు. ఇప్పుడూ అదే దారి. ఊరూ తండ్రి పేరూ తెలిస్తే అక్కడి రేషన్ డీలర్నో పోస్ట్‌మ్యాన్నో కిరాణా కొట్టాయన్నో కనుక్కోండి. "ఫలానావారి రెండో అబ్బాయి, చిన్నప్పుడు హాస్టల్లో చదివాడు" అంటే పది నిమిషాల్లో ఆచూకీ చెబుతారు. కుటుంబం విశాఖ, హైదరాబాద్, భువనేశ్వర్ వెళ్లిపోయినా, చేపల వేటకి గుజరాత్ వెరావల్ వెళ్లినా ఊళ్లో చిన్నాన్నో మేనత్తో ఉంటారు.

అమ్మాయిల విషయంలో పెళ్లయ్యాక ఇంటిపేరు మారుతుంది, ఫోను భర్త పేరున ఉండొచ్చు. పుట్టింటివైపు నుంచి వెళ్లండి, అన్నదమ్ముల ద్వారా అడగండి, ఫోను ఆడవాళ్ల చేతే చేయించండి. ఇందులో చాదస్తం ఏమీ లేదు. తెలియని మగగొంతు "నీ క్లాస్‌మేట్‌ని" అంటే అవతలి ఇంట్లో వచ్చే ఇబ్బంది మనకి తెలియదు.

మొదటి ఫోనులో "నేనెవరో చెప్పుకో చూద్దాం" అనే ఆట వద్దు. సైబర్ మోసగాళ్లు కూడా ఇలాగే మొదలుపెడుతున్నారు కాబట్టి సగంమంది పెట్టేస్తారు. పేరు, ఊరు, డార్మిటరీ, ఇంకెవరికీ తెలియని ఒక గుర్తు ఈ వరసలో చెప్పండి: "ఒరే, నేను టెక్కలి రమణని. నీలగిరి హౌస్, కిటికీ పక్క మంచం. నీ ట్రంకు తాళం పోతే రాయితో పగలగొట్టింది నేనే." అవతలినుంచి "ఏటిరా, నువ్వా!" అని వచ్చేస్తుంది. ఆ ఫోనులో డబ్బు మాట, తేదీ మాట ఎత్తకండి. ఎలా ఉన్నావని అడిగి, గ్రూపులో కలపనా అని అనుమతి తీసుకోండి. వద్దంటే అక్కడితో ఆగండి. హాస్టల్ అందరికీ తీపి జ్ఞాపకం కాదు. దెబ్బలు తిన్నవాళ్లు, సీనియర్ల చేతిలో నలిగినవాళ్లు, కులం పేరుతో మాటలు పడ్డవాళ్లు ఉంటారు. "పాతవన్నీ మర్చిపోరా" అని వాళ్లకి చెప్పే పని మనది కాదు.

గ్రూపులు రెండు పెట్టండి. ఒకటి అడ్మిన్లు మాత్రమే రాసేది, తేదీ, దారి, లెక్కలు అందులో. రెండోది కబుర్లకి. ఒక్కటే పెడితే శుభోదయాల కింద రైలు వివరాలు కనబడవు. రాజకీయం నిషేధమని మొదటిరోజే చెప్పకపోతే ఎన్నికల నాటికి గ్రూపు రెండు ముక్కలవుతుంది.

3. తేదీ

అక్టోబరు, నవంబరు వద్దు. హుద్‌హుద్ 2014 అక్టోబరు 12న, తిత్లీ 2018 అక్టోబరు 11న వచ్చాయి, ఆ రోజుల్లో మన తీరంలో ఏ ముహూర్తానికీ భరోసా లేదు. దసరా తర్వాత వచ్చే మంగళవారం పైడితల్లి సిరిమానోత్సవం, ఆ చుట్టుపక్కల విజయనగరంలో గది దొరకదు. మే నెలలో బడి ఖాళీగానే ఉంటుంది గానీ అరవై దాటిన మాస్టార్లని ఆ ఎండకి పిలవడం అన్యాయం.

మిగిలినవి డిసెంబరు ఆఖరి వారం, సంక్రాంతి. మగపిల్లల బ్యాచ్‌కి డిసెంబరు హాయి. ఆడవాళ్లున్న బ్యాచ్‌కి సంక్రాంతే మేలు, పుట్టింటికి వచ్చి ఉంటారు. కానీ భోగి, పండగ, కనుమ మూడు రోజులూ ఇల్లు కదలలేరు. ముక్కనుమ మర్నాడు పెట్టండి. ఆ రోజు వంటవాళ్లూ పండగలోనే ఉంటారు కాబట్టి వంట మేస్త్రికి నెల ముందే బయానా ఇచ్చేయాలి.

రైలు రిజర్వేషన్ ఇప్పుడు 60 రోజుల ముందే తెరుస్తున్నారు. సంక్రాంతి రైళ్లు తెరిచిన ఉదయమే నిండిపోతాయి. తిరుగు ప్రయాణం ఇంకా కష్టం. అంటే సెప్టెంబరు ఆఖరికి తేదీ ఖాయం కావాలి, నవంబరు మొదట్లో గ్రూపులో గుర్తుచేయాలి. కొత్తగా వచ్చే భార్యాపిల్లలకి ఒక మాట చెప్పి ఉంచండి: శ్రీకాకుళం ఊళ్లో రైల్వే స్టేషన్ లేదు, ఆమదాలవలసలో ఉన్నదే శ్రీకాకుళం రోడ్. వెన్నెలవలసకి అదే దగ్గర. కిల్తంపాలెం వెళ్లేవాళ్లు విశాఖలోనో విజయనగరంలోనో దిగి ఎస్.కోట బస్సెక్కాలి.

4. బడిలోనా, హాల్లోనా?

బడిలోనే. కనీసం పూట అయినా. హాల్లో జరిగితే అది ఇంకో పెళ్లి భోజనం. కాకపోతే బడి ఇప్పుడు మనది కాదు, అక్కడున్న పిల్లలది. రెండు నెలల ముందు రాతపూర్వకంగా అనుమతి అడగండి. వచ్చేవాళ్ల పేర్లు, వాహనాల సంఖ్య, లోపల ఉండే గంటలు రాయండి. పిల్లలు ఉండే డార్మిటరీల్లోకి, ముఖ్యంగా ఆడపిల్లల వైపుకి వెళ్లబోమని మీరే ముందుగా రాసివ్వండి. పిల్లల ఫోటోలు తీసి పెట్టకూడదు. గేటు లోపల మందు వాసన కూడా రాకూడదు. ఒక్కడు తాగి వచ్చినా కింది బ్యాచ్‌లకి పదేళ్లు అనుమతి రాదు.

5. డబ్బు

తల ఒక్కింటికి అందరూ భరించగల మొత్తం పెట్టండి. కూలికి వెళ్లే వాడు ఆ రోజు కూలి పోగొట్టుకుని, పైన ఇంకో రోజు కూలి కట్టగలడా అన్నదే కొలత. లోటుని ఉన్నవాళ్ల దగ్గర విడిగా అడగండి. ఎవరెంత ఇచ్చారో జాబితా గ్రూపులో పెట్టకండి, మొత్తం వచ్చింది, మొత్తం ఖర్చయింది, బిల్లులు, అంతే. అయిదువేలు ఇచ్చినవాడి పేరు కింద అయిదొందలు ఇచ్చినవాడి పేరు చూశాక ఆ రెండోవాడు రాడు. కట్టలేనివాళ్లెవరో ఇద్దరికి మించి తెలియనక్కర్లేదు. డబ్బు ఒకరి ఫోనుకి వస్తే, లెక్క ఇంకొకరు రాయాలి.

6. వంద మందికి వంట

బియ్యం 12 కిలోలు, పులిహోర చేస్తే అందులోంచే 3 కిలోలు దానికి. కందిపప్పు 4 కిలోలు, చికెన్ 18 నుంచి 20 కిలోలు, పెరుగు 12 లీటర్లు, తాగే నీళ్లు ఇరవై లీటర్ల టిన్నులు 15. మాంసం తిననివాళ్లకి ఆవ పెట్టిన కూర ఒకటి, పనసపొట్టు దొరికితే అదే. టిఫిన్‌కి మాత్రం ఇడ్లీ దోసెల జోలికి పోకుండా ఉప్మా చేయించండి, అదీ హాస్టల్లోలా కొంచెం జారుగా. అందరూ తిట్టుకుంటూ రెండోసారి వేయించుకుంటారు. పాత కంచం ఉన్నవాళ్లని తెచ్చుకోమనండి.

7. ఆ రోజు

ఎక్కువ కార్యక్రమాలు కూలిపోయేది పరిచయాల దగ్గరే. వంద మంది, మనిషికి రెండు నిమిషాలు: మూడు గంటల ఇరవై నిమిషాలు. మైకు దొరికినవాడు రెండు నిమిషాల్లో వదలడు కూడా. దానికి బదులు ప్రేయర్ గంట కొట్టి, వరసల్లో నిలబెట్టి, పాత హాజరు పట్టీ చదివించండి. చదివేది అప్పటి క్లాస్ టీచరైతే ఇంకా బాగు. "ప్రెజెంట్ సార్" అనడంతో పరిచయం అయిపోతుంది. చనిపోయినవాళ్ల పేర్లు కూడా అదే వరసలో రావాలి, ఆ పేరు దగ్గర ఒక్క క్షణం ఆగి ముందుకు వెళ్లాలి. తర్వాత డార్మిటరీల వారీగా పదిమందిని చెట్ల కింద కూర్చోబెట్టండి.

భోజనాల తర్వాత రెండు గంటలు ఏమీ పెట్టకండి. అసలు మాటలు అప్పుడే వస్తాయి. డీజే పెడితే ఆ రెండు గంటలూ పోతాయి. ముఖ్య అతిథిగా నాయకుణ్ని పిలిస్తే ఆయన వచ్చేదాకా అన్నీ ఆగుతాయి, ఆయన వచ్చాక బ్యాచ్ ఆగుతుంది.

మాస్టార్లని పిలిచేటప్పుడు ముందు వాళ్ల పిల్లలతో మాట్లాడండి: నడవగలరా, వినబడుతుందా, షుగరుందా, ఎంతసేపు కూర్చోగలరు. కారు పంపి, తోడు ఒకరిని పెట్టి, మెట్లు లేని చోట చేతులున్న కుర్చీ వేయండి. సన్మానం పదకొండున్నరకల్లా ముగించి, కావాలంటే భోజనం చేసి వెళ్లిపోయేలా చూడండి. శాలువా వంటమ్మకీ నైట్ వాచ్‌మన్‌కీ కూడా కప్పాలి, అదే వేదిక మీద, అదే రకం శాలువా.

8. పాత గ్రూప్ ఫోటో

అద్దానికి అతుక్కుపోయిన ఫోటోని పీకకండి, రంగు పొర అద్దంతో వచ్చేస్తుంది. అద్దం తుడిచి అలాగే స్కాన్ చేయించండి, 600 డీపీఐ చాలు. ఫోనుతో తీస్తే ఫ్లాష్ ఆపి, కిటికీ వెలుగు పక్కనుంచి పడేలా పెట్టండి. తర్వాత ఒక ట్రేసింగ్ పేపర్ మీద తలల గీతలు మాత్రం గీసి నంబర్లు వేయండి, ఫోటో మీద వేయకండి. నంబర్ల జాబితా గోడకి అంటించి పెన్ను కట్టి ఉంచితే మధ్యాహ్నానికి ఖాళీలు నిండుతాయి. అక్కడ రాసేవి అసలు పేర్లే కావాలి. రంగునీ కులాన్నీ ఎగతాళి చేసే పాత ముద్దుపేర్లు పక్కన వాళ్ల పిల్లలు చదువుతారు.

9. మర్నాడు

మిగిలిన డబ్బుతో ట్రస్టు పెట్టేద్దామన్న ఊపు ఆ సాయంత్రమే వస్తుంది. ఆరు నెలలు ఆగి, అప్పటికీ పనిచేసేవాళ్లు ఏడుగురు మిగిలితే 2001 సొసైటీల చట్టం కింద రిజిస్టర్ చేయించండి, దానికి కావలసిన కనీస సంఖ్య అదే. విదేశీ పౌరసత్వం తీసుకున్న మిత్రుడి విరాళం విదేశీ విరాళాల చట్టం కిందికి వస్తుంది, దానికి వేరే అనుమతి కావాలి. భారత పాస్‌పోర్టుతోనే బయట ఉంటున్నవాడు తన సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే ఆ చిక్కు లేదు.

వారంలోగా బిల్లులు పెట్టేయండి. రానివాళ్ల జాబితా తీసి, తలా అయిదుగురిని పంచుకుని ఫోను చేయండి. ఎందుకు రాలేదని అడగొద్దు. నంబర్లు వేసిన ఫోటో పంపి, "మూడో వరసలో పద్నాలుగో తల ఎవరిదిరా, మాకెవరికీ తెలియలేదు" అని అడగండి.