హెల్త్ యాప్ పెట్టుకున్నారా? అయితే అది డాక్టరుకు పనికొచ్చేలా వాడండి

హెల్త్ యాప్ అనగానే చాలామంది స్టోర్‌లోకి వెళ్లి ఎక్కువ స్టార్లున్నవి నాలుగైదు డౌన్‌లోడ్ చేసుకుంటారు, ఓ వారం పాటు ఎన్ని అడుగులు నడిచారో ఎన్ని గ్లాసుల నీళ్లు తాగారో రాసుకుంటారు, ఆ తర్వాత నోటిఫికేషన్లతో విసుగొచ్చి అన్నీ ఆఫ్ చేసేస్తారు. ఈలోపు చెకప్ రోజు వస్తుంది. "ఈ నెల బీపీ ఎలా ఉంది?" అని డాక్టరు అడిగితే "బాగానే ఉందండీ" అనడం తప్ప చూపించడానికి చేతిలో ఏమీ ఉండదు. అందుకే యాప్ ఎంత అందంగా ఉంది, ఎన్ని ఫీచర్లున్నాయి అన్నది నాకు అసలు ముఖ్యం కాదు. డాక్టరు మీకు కేటాయించగలిగిన ఆ కొద్ది నిమిషాల్లో ఒక నిర్ణయం తీసుకోవడానికి అది ఏమైనా సాయపడుతుందా అన్నదే చూడాలి.

కాబట్టి డౌన్‌లోడ్ కంటే ముందు చేయాల్సిన పని ఒకటుంది. ఈసారి వెళ్లినప్పుడు నేరుగా అడగండి: "ఇంట్లో నేను ఏం రాసిపెడితే మీకు ఉపయోగం? ఎన్ని రోజులవి కావాలి? ఎలా పంపమంటారు?" ఆసుపత్రికి సొంత యాప్ ఉంటే అదే వాడండి, ఎందుకంటే అందులో పెట్టినవి మీ రికార్డులోకి నేరుగా వెళ్లే అవకాశం ఎక్కువ. లేకపోతే పీడీఎఫ్ తీసి ఇవ్వగలిగే యాప్ ఏదైనా సరే. మీరు నెలల తరబడి నింపిన వివరాలు బయటికి తీయడానికి వీలు లేని యాప్ ఎంత పేరున్నదైనా పక్కన పెట్టేయండి.

మందుల లిస్టుతో మొదలుపెట్టండి

ఒక్క పనే చేస్తానంటే ఇది చేయమంటాను. ప్రతి మందు పేరు, ఎన్ని మిల్లీగ్రాములు, రోజుకు ఎన్నిసార్లు, తిండికి ముందా తర్వాతా, ఎప్పటి నుంచి, దేనికోసం, ఎవరు రాశారు, ఇవన్నీ యాప్‌లో ఎక్కించండి. చీటీ లేకుండా కొనుక్కునే నొప్పి మాత్రలు, విటమిన్లు, మూలికా మందులు కూడా. "అవి మందులా ఏంటి" అని వదిలేయకండి. ఐబుప్రోఫెన్ లాంటి మామూలు నొప్పి మాత్ర బీపీని పెంచగలదు, కిడ్నీలను ఇబ్బంది పెట్టగలదు, రక్తం పలచబడే మందులు వాడేవాళ్లలో రక్తస్రావం ముప్పు పెంచుతుంది. ఇద్దరు ముగ్గురు స్పెషలిస్టుల దగ్గరికి వెళ్లే పెద్దవాళ్ల విషయంలో ఒకరు రాసింది ఇంకొకరికి తెలియకపోవడం చాలా మామూలు, ఆ గ్యాప్‌ని నింపేది ఈ లిస్టే. అలర్జీలు కూడా రాయండి, పేరుతో ఆపకుండా ఏం జరిగిందో కూడా: ఒళ్లంతా దద్దుర్లా, ఊపిరాడలేదా, కడుపు తిప్పడమేనా. డాక్టరు దృష్టిలో ఈ మూడూ వేర్వేరు విషయాలు.

ఇక రిమైండర్లు. అభివృద్ధి చెందిన దేశాల్లో కూడా దీర్ఘకాలిక జబ్బులున్నవాళ్లలో మందులు సరిగ్గా వాడేవాళ్లు సగటున 50 శాతమేనని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2003లోనే చెప్పింది. అలారం పెట్టుకోవడం సులభం, దాన్ని నమ్మదగ్గదిగా ఉంచుకోవడమే కష్టం. మాత్ర నోట్లో వేసుకున్నాకే "వేసుకున్నాను" నొక్కండి, ముందే నొక్కి తర్వాత వేసుకుందామనుకుంటే రికార్డు అబద్ధం చెబుతుంది, ఆ అబద్ధాన్ని నమ్మి డాక్టరు డోసు పెంచే ప్రమాదం ఉంది. ఒక డోసు మరిచిపోతే తర్వాతిసారి రెండు కలిపి వేసుకోకండి. ఏం చేయాలన్నది మందును బట్టి మారుతుంది, ఫార్మసిస్టునో డాక్టరునో అడగండి. అలారంలో మందు పేరు లాక్ స్క్రీన్ మీద కనపడకుండా సెట్టింగ్ మార్చుకోవచ్చు. అమ్మానాన్నల యాప్‌ని మీ ఫోన్‌కి కలుపుకోవాలంటే మాత్రం వాళ్లని అడిగి, ఒప్పుకున్నాకే కలపండి.

బీపీ: నంబరు కంటే కొలిచే పద్ధతి ముఖ్యం

యాప్‌కి బ్లూటూత్‌తో కలిసే మిషన్ కొనేటప్పుడు అది క్లినికల్‌గా పరీక్షించి ధ్రువీకరించిన మోడలేనా అని చూడండి. మణికట్టుకు పెట్టేదానికంటే పై చేతికి చుట్టేది మేలు. పట్టీ సైజు మీ చేతికి సరిపోవాలి, చిన్న పట్టీ బిగుతుగా చుడితే బీపీ ఉన్నదానికంటే ఎక్కువ చూపిస్తుంది.

కొలిచే ముందు అరగంట పాటు కాఫీ, సిగరెట్, వ్యాయామం వద్దు. మూత్రానికి వెళ్లి రండి. వీపు ఆనించి, పాదాలు రెండూ నేలకు ఆన్చి, కాలు మీద కాలు వేసుకోకుండా 5 నిమిషాలు ఊరికే కూర్చోండి. చొక్కా చేయి మీద కాకుండా ఒంటికే పట్టీ చుట్టి, చేయిని గుండె ఎత్తులో బల్ల మీద పెట్టండి. మాట్లాడకండి, ఫోన్ కూడా చూడకండి. ఒక నిమిషం తేడాతో రెండుసార్లు కొలవండి. ఇలా పొద్దున మందు వేసుకోకముందు, మళ్లీ సాయంత్రం, డాక్టరు దగ్గరికి వెళ్లే ముందు వారం రోజులు చేస్తే చాలు. మొదటి రోజువి సాధారణంగా వదిలేసి మిగిలినవాటి సగటు చూస్తారు, సగటు లెక్క చాలా యాప్‌లు వాటంతట అవే వేస్తాయి.

ఎక్కువ వచ్చిందని టెన్షన్ పడి అప్పటికప్పుడు పదిసార్లు కొలిచి, అందులో తక్కువ వచ్చినదాన్ని మాత్రం ఉంచి మిగతావి డిలీట్ చేసేవాళ్లున్నారు. దయచేసి ఆ పని చేయకండి. వచ్చినవన్నీ ఉంచండి, ఆ రోజు నిద్ర లేకపోతేనో, ఒంట్లో నొప్పి ఉంటేనో పక్కన ఒక ముక్క రాయండి. ఆసుపత్రిలో కొలిస్తే ఎక్కువగా, ఇంట్లో మామూలుగా ఉండేవాళ్లు ఉంటారు. సరిగ్గా దానికి ఉల్టాగా ఉండేవాళ్లూ ఉంటారు, వాళ్ల బీపీ ఆసుపత్రిలో అసలు బయటపడదు. ఈ ఇద్దరినీ పట్టుకోగలిగేది ఇంటి రికార్డే. ఇంట్లో సగటు 135/85 అంటే ఆసుపత్రిలో కొలిచిన 140/90తో సమానంగా చాలా వైద్య మార్గదర్శకాలు లెక్కేస్తాయి, కాబట్టి రెండిటినీ ఒకే గీతతో పోల్చకండి. 180/120 దాటి, దాంతోపాటు ఛాతీలో నొప్పి, ఆయాసం, చూపు మసకబారడం, ఒక వైపు తిమ్మిరి, మాట తడబడటం ఉంటే యాప్‌లో రాసుకుంటూ కూర్చోకుండా వెంటనే ఎమర్జెన్సీకి ఫోన్ చేయండి.

షుగర్, వాచీలు

చేతికి అతికించే గ్లూకోజ్ సెన్సర్ వాడేవాళ్లు ఒక సంగతి గుర్తుపెట్టుకోవాలి: అది కొలిచేది నేరుగా రక్తంలోని షుగర్ కాదు, చర్మం కింద కణాల మధ్య ఉండే ద్రవంలోది. అందుకే షుగర్ వేగంగా పెరుగుతున్నప్పుడో పడిపోతున్నప్పుడో సెన్సర్ కొన్ని నిమిషాలు వెనకబడుతుంది. ఒంట్లో వణుకు, చెమటలు పడుతున్నా స్క్రీన్ మీద మామూలుగానే ఉందంటే వేలికి గుచ్చి చూసుకోండి. డాక్టరుకు చూపించేటప్పుడు ఒక్కో రీడింగ్ చెప్పాల్సిన పని లేదు, 14 రోజుల రిపోర్టు తీయండి. అందులో 70 నుంచి 180 మిల్లీగ్రాముల మధ్య ఎంత సేపు ఉన్నారన్నది శాతంలో ఉంటుంది. గర్భిణులను, వయసు పైబడినవాళ్లను, షుగర్ పడిపోయే ముప్పు ఎక్కువ ఉన్నవాళ్లను మినహాయిస్తే చాలామంది పెద్దలకు అది 70 శాతం దాటాలన్నది లక్ష్యం. యాప్‌లో కొలమానం కూడా సరిచూసుకోండి: కొన్ని దేశాల్లో మిల్లీమోల్స్‌లో చూపిస్తారు, దాన్ని 18తో గుణిస్తే మిల్లీగ్రాములు వస్తాయి.

స్మార్ట్ వాచీలో ఈసీజీ గుండె లయ తప్పడాన్ని, ముఖ్యంగా ఏట్రియల్ ఫిబ్రిలేషన్‌ని, పట్టుకోవడానికి పనికొస్తుంది. గుండెదడ అప్పుడప్పుడే వచ్చి డాక్టరు దగ్గరికి వెళ్లేసరికి మాయమయ్యేవాళ్లకు ఇది నిజంగా పెద్ద సాయం: దడగా ఉన్న ఆ నిమిషంలోనే రికార్డు చేసి పీడీఎఫ్ దాచిపెట్టండి. కానీ గుండెపోటును అది గుర్తించలేదు. ఛాతీలో నొప్పి వస్తుంటే వాచీ "నార్మల్" అన్నా ఆగకూడదు.

వీడియోలో డాక్టరుతో మాట్లాడేటప్పుడు

మొదటి వాక్యంలోనే అసలు ఇబ్బంది, అది ఎప్పుడు మొదలైందో చెప్పండి. వెలుతురు మీ ముఖం మీద పడేలా కూర్చోండి. చర్మం మీద మచ్చో పుండో చూపించాలంటే ముందే ఫోటోలు తీసి యాప్‌లో పెట్టండి, వీడియోలో రంగులు సరిగ్గా కనపడవు. పగటి వెలుతురులో ఫ్లాష్ లేకుండా, ఒకటి దూరం నుంచి, ఒకటి దగ్గర నుంచి, పక్కన స్కేలు పెట్టి తీస్తే సైజు కూడా తెలుస్తుంది. కాల్ ముగించే ముందు "ఏమైతే నేను వెంటనే ఆసుపత్రికి రావాలి?" అని అడిగి ఆ జవాబు రాసుకోండి.

లాక్ తీయకుండానే కనిపించే ఎమర్జెన్సీ సమాచారం చాలా ఫోన్లలో పెట్టుకోవచ్చు. జబ్బులు, మందులు, అలర్జీలు, ఇంట్లోవాళ్ల నంబరు నింపి, లాక్ స్క్రీన్ మీద కనపడే ఆప్షన్ ఆన్ చేయండి. ఐదు నిమిషాల పని, ఇప్పుడే చేసేయండి.

డాక్టర్లు ఇది చదువుతుంటే

మందుల మధ్య పొంతన చూసే యాప్‌లు, కిడ్నీ పనితీరును బట్టి డోసు లెక్కేసేవి మీరు ఎలాగూ వాడుతూనే ఉంటారు. ఒక్కటే మనవి, కొలమానం చూసుకోండి. కిడ్నీల పనితీరు తెలిపే క్రియాటినిన్ మిల్లీగ్రాముల్లోనా మైక్రోమోల్స్‌లోనా అన్నదాంట్లో 88 రెట్ల తేడా ఉంది. పక్షవాతం కేసుల్లో యాప్‌ల విలువ స్పష్టంగా కనిపిస్తుంది: మెదడులో పెద్ద రక్తనాళం మూసుకుపోయినట్టు అనుమానం ఉంటే సీటీ స్కాన్‌ని చూసి నేరుగా స్పెషలిస్టు ఫోన్‌కి కబురు పంపే సాఫ్ట్‌వేర్‌కి అమెరికాలో మందులు, వైద్య పరికరాలకు అనుమతులిచ్చే సంస్థ ఎఫ్‌డీఏ 2018లో అనుమతిచ్చింది, నిమిషాలు లెక్కపెట్టుకునే చోట అది చిన్న సంగతి కాదు. ఇక పేషెంట్ల ఫోటోలు, స్కాన్‌లు మామూలు చాట్ గ్రూపుల్లో పెట్టకండి, ఆసుపత్రి ఇచ్చిన సురక్షిత యాప్ ఉంటే అందులోనే పంపండి. పేషెంటుకి యాప్ పెట్టుకోమని చెప్పినప్పుడు, పంపినవి ఎవరు చూస్తారు, ఎంతసేపట్లో చూస్తారు, ఏ నంబరు దాటితే ఎదురుచూడకుండా రావాలి అన్నది కూడా చెప్పండి. మెసేజ్ పెట్టాం కదా, చూసే ఉంటారులే అనుకుని ఇంట్లో కూర్చునే పేషెంటు గురించి నాకు నిజంగా భయం.

వేటిని నమ్మకూడదు

పట్టీ లేకుండా, ఫోన్ కెమెరా మీద వేలు పెడితే బీపీ చెబుతామన్న ఒక యాప్‌ని పరిశోధకులు పరీక్షిస్తే, బీపీ ఎక్కువగా ఉన్నవాళ్లలో నాలుగింట మూడొంతుల మందికి పైగా "ఎక్కువ లేదు" అని చూపించింది. ఆ ఫలితాలు 2016లో వచ్చాయి. చర్మానికి గుచ్చకుండా షుగర్ కొలుస్తామనే వాచీలు, ఉంగరాలు వాడొద్దని ఎఫ్‌డీఏ 2024 ఫిబ్రవరిలో హెచ్చరించింది, అలాంటివాటిలో దేనికీ తాము అనుమతివ్వలేదని చెప్పింది. ఇన్సులిన్ డోసు తప్పితే ప్రాణం మీదకొస్తుంది కాబట్టి ఇక్కడ మొహమాటం వద్దు. లక్షణాలు టైప్ చేస్తే జబ్బు పేరు చెప్పే 23 యాప్‌లు, సైట్లను 2015లో పరీక్షించినప్పుడు సరైన జబ్బును మొదటి పేరుగా చెప్పింది 34 శాతం సందర్భాల్లోనే. అప్పటి నుంచి ఇవి మారాయి నిజమే, అయినా డాక్టరును ఏం అడగాలో తెలుసుకోవడానికి వాడండి, మందు ఆపడానికో మొదలుపెట్టడానికో వాడకండి.

చివరగా మీ వివరాలు. నెలసరి లెక్కలు పెట్టుకునే ఫ్లో యాప్ వాడేవాళ్ల సమాచారం వేరే కంపెనీలకు చేరిందన్న ఆరోపణ మీద ఆ కంపెనీ అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో 2021లో రాజీ కుదుర్చుకోవాల్సి వచ్చింది. కాబట్టి కాంటాక్టులు, లొకేషన్, మైక్ అడిగే యాప్‌ని ఎందుకని ప్రశ్నించుకోండి, అవసరం లేనివి ఆఫ్ చేయండి, యాప్‌కి విడిగా పిన్ పెట్టుకోండి. యాప్ మానేసేటప్పుడు ఫోన్ నుంచి తీసేస్తే మీ వివరాలు కంపెనీ సర్వర్‌లో అలాగే ఉండిపోవచ్చు. ముందు రికార్డులన్నీ పీడీఎఫ్‌గా తీసి దాచుకోండి, తర్వాత యాప్ సెట్టింగ్స్‌లోకి వెళ్లి అకౌంట్ డిలీట్ చేయండి, అది పూర్తయిందని మెయిల్ వచ్చాక అప్పుడు అన్‌ఇన్‌స్టాల్ చేయండి.