నాయనమ్మ గొంతును మనవల తరానికి అందించడం ఎలా?

ఇంటి వాట్సాప్ గ్రూపులో నాయనమ్మ పంపిన వాయిస్ మెసేజ్‌ను ఆ పూటకు విని వదిలేస్తాం. ఆ గొంతు ఎప్పటికీ అక్కడే ఉంటుందన్న ధీమా మంచిది కాదు. 2004లో మొదలై మన దేశంలో కుర్రకారును ఒక ఊపు ఊపిన సోషల్ మీడియా సైటు ఆర్కుట్ 2014 సెప్టెంబరు 30న మూతపడింది. అలాంటిదే అయిన గూగుల్ ప్లస్ 2019 ఏప్రిల్‌లో ఆగిపోయింది. టిక్‌టాక్‌ను 2020 జూన్ 29న ప్రభుత్వం నిషేధించింది. ఈనాటి పదేళ్ల పిల్ల పెద్దయ్యాక మనం వాడే యాప్‌నే వాడుతుందని చెప్పలేం కనుక, అందులో పోగయ్యే మాటలను యాప్‌తో పనిలేకుండా దాచుకోవాలి.

ముందుగా పెద్దవారికి రికార్డు చేయడం సులువు కావాలి. మైకు గుర్తును నొక్కి పట్టుకుని మాట్లాడేటప్పుడు వణికే వేలు జారితే, "ఆ ఏడు ఏరు పొంగినప్పుడు మీ తాత..." అన్నచోటే మాట తెగి గ్రూపులోకి వెళ్ళిపోతుంది. నొక్కిన వేలిని పైకి జరిపితే తాళం పడుతుంది. అప్పుడు ఫోను ఒళ్ళో పెట్టుకుని తీరిగ్గా మాట్లాడి, చివర బాణం గుర్తు నొక్కితే చాలు. పక్కన కూర్చుని ఇది నాలుగైదుసార్లు చేయించండి.

"పాత కబుర్లు చెప్పండి" అంటే ఎవరికీ ఏమీ గుర్తుకురాదు. "నాయనమ్మా, మీ పెళ్ళికి ఎన్ని బండ్లు కట్టారు?" అని అడిగితే బండ్లతోపాటు ఎడ్ల పేర్లు కూడా వస్తాయి. ఆ ప్రశ్న మనవలే అడగడం మేలు. అమెరికాలో పెరిగి తెలుగు చదవడం రాని పిల్లలు కూడా ఇంట్లో విన్న తెలుగును అర్థం చేసుకోగలరు, అందుకే రాతకన్నా గొంతునే నేను నమ్ముతాను. శుభోదయం బొమ్మలకు వేరే గ్రూపు పెట్టండి. అవి పంపినందుకు పెద్దలను మాత్రం కసురుకోవద్దు, అది వారి పలకరింపు.

వచ్చిన మెసేజ్‌ను ఆండ్రాయిడ్ ఫోన్‌లో నొక్కి పట్టుకుని, షేర్ ద్వారా గూగుల్ డ్రైవ్‌లోకి పంపి, "నాయనమ్మ, పెళ్ళి బండ్లు, 2025" అన్నట్లుగా పేరు మార్చాలి. పేరు మార్చకపోతే అంకెల వరుస తప్ప మరేమీ కనిపించదు, పదేళ్ల తరువాత ఏది ఏమిటో ఎవరికీ తెలియదు. నెలకొకసారి హార్డ్ డిస్కులోకి కూడా ఎక్కించండి. ఇంటివారి కోసం చెప్పిన మాటను చెప్పినవారి అనుమతి లేకుండా బయట పెట్టకూడదు.

ఖాతా యజమాని తదనంతరం ఏం జరగాలన్నది ఆయన ఉండగానే నిర్ణయించుకోవాలి. గూగుల్‌లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ (ఖాతా చాలాకాలం వాడకపోతే అందులోనివి ఎవరికి అందాలో ముందే చెప్పి ఉంచే ఏర్పాటు), ఫేస్‌బుక్‌లో లెగసీ కాంటాక్ట్ (తదనంతరం ఖాతాను చూసుకునే మనిషిని ఎంచుకునే ఏర్పాటు) ఇందుకే ఉన్నాయి. డ్రైవ్‌లో ఈ గొంతులు దాచిన ఫోల్డరును ఇద్దరికి అప్పగించండి: ఒకరు నడివయసువారు, మరొకరు ఇరవై ఏళ్ల లోపువారు.