పన్నెండు బోరు తూటాలు: ఇంట్లో నింపడం ఎందుకొద్దు, కొన్నవి ఎలా చూసుకోవాలి

ఒడిశా గజపతి జిల్లా కాశీనగర్ చుట్టుపక్కల పంట కాపలాకి లైసెన్సు తుపాకీ ఉన్న ఇళ్లు ఇంకా కొన్ని మిగిలాయి. మాదీ అందులో ఒకటి. తాత పేరున ఉన్న జోడు గొట్టాల పన్నెండు బోరు ఆయన పోయాక నాన్నకి వచ్చింది, నాన్నకి డెబ్బై నిండాక నా పేరుకి మారింది. 2016 ఆయుధ నియమాల్లో ఆ వెసులుబాటు ఉంది. లైసెన్సుదారుకి 70 ఏళ్లు వచ్చినా, తుపాకీ 25 ఏళ్లు ఆయన దగ్గరున్నా, వారసుడికి ఇవ్వమని అడగొచ్చు. అందుకని ఊళ్లో తుపాకీ సంగతి ఏదొచ్చినా ముందు మా అరుగు మీదికే వస్తుంది.

ఈ మధ్య కుర్రాళ్లు ఫోన్లో వీడియో పెట్టి అడిగేది ఒకటే. "చిన్నాన్నా, ఈ మిషన్ తెప్పించుకుంటే మన తూటాలు మనమే నింపేసుకోవచ్చు కదా?"

ఆ మిషన్ పేరు రీలోడింగ్ ప్రెస్. అమెరికాలో మెక్ 600 జూనియర్ లాంటివి చాలామంది ఇళ్లలో బల్లకి బిగించి ఉంటాయి. పేలిన ఖాళీ కేసు (తూటా పైతొడుగు) పెట్టి లివర్ కిందికి లాగితే అడుగున నిప్పు పుట్టించే పాత క్యాప్ ఊడుతుంది, ఉబ్బిన ఇత్తడి అడుగు మళ్లీ కొలతకి వస్తుంది. తర్వాత కొత్త క్యాప్, తుపాకీ మందు, వాడ్ (మందుకీ గుళ్లకీ మధ్య అడ్డు), గుళ్లు వరసగా పడతాయి. చివర్లో కేసు మూతి మడత పడుతుంది. ఒక్కో కేసునీ ఒక్కో మెట్టు దాటించే రకం ఒకటి, లివర్ లాగినప్పుడల్లా ఒక తూటా పూర్తయి బయటపడే రకం ఇంకొకటి. మట్టి పళ్లేల మీద గురి ప్రాక్టీసు చేసేవాళ్లకి తూటాలు వందల్లో ఖర్చవుతాయి, వాళ్లకి గిట్టుబాటు. పైగా ఏ కేసుకి ఏ వాడ్, ఏ మందు ఎంత అన్నది అచ్చయిన పట్టికలు చూసి, త్రాసులో తూచి మరీ నింపుతారు. అందులో ఒక్కటి మార్చినా ఒత్తిడి ఎటు పోతుందో చెప్పలేం.

మనకి ఆ ఊసే వద్దు. తుపాకీ ఉంచుకునే లైసెన్సు వేరు, తూటా తయారు చేసే లైసెన్సు వేరు. 1959 ఆయుధ చట్టం 5వ సెక్షన్ ప్రకారం రెండోది లేకుండా ఇంట్లో తూటా తయారు చేయడం నేరం. 2019 సవరణ తర్వాత దానికి శిక్ష తక్కువలో తక్కువ ఏడేళ్లు, ఎక్కువైతే యావజ్జీవం. కోతల సీజన్లో పందుల మీదికి గాల్లో రెండు పేల్చే మనిషికి ఏడాదికి ఒక పెట్టె కూడా ఖర్చవదు. దానికి మిషనెందుకు, జైలెందుకు? ఆ శ్రద్ధేదో కొనేటప్పుడూ దాచేటప్పుడూ పెడితే చాలు.

కొనడానికి ముందు మీ తుపాకీ ఛాంబర్, అంటే గొట్టంలో తూటా కూర్చునే చోటు, పొడవెంతో తెలియాలి. పన్నెండు బోరు అంటే గొట్టం లోపలి వ్యాసం సుమారు 18.5 మిల్లీమీటర్లు, అది అందరిదీ ఒకటే. ఛాంబర్ మాత్రం పాత తుపాకుల్లో ఎక్కువగా 65 మిల్లీమీటర్లు, అంటే రెండున్నర అంగుళాలు. తర్వాతి వాటిలో 70. గొట్టాలు ఊడదీసి, మడత దగ్గర కింది వైపు చదునుగా ఉన్న చోట చూడండి, అక్కడ అంకెలూ ముద్రలూ కొట్టి ఉంటాయి. అరిగిపోయి కనబడకపోతే లైసెన్సున్న తుపాకీ మరమ్మతు షాపులో గేజ్ పెట్టి చూస్తారు.

ఇక్కడే మోసపోతారు. 70 తూటా తీసుకెళ్లి 65 ఛాంబర్లో వేస్తే హాయిగా దిగిపోతుంది. పెట్టె మీద రాసే పొడవు పేలి మూతి విచ్చుకున్నాకది. పేలకముందు మూతి మడిచి ఉంటుంది కాబట్టి తూటా పొట్టిగానే కనబడుతుంది. పేలినప్పుడు ఆ మడత విచ్చుకోవడానికి చోటు లేక గొట్టం సన్నబడే దగ్గర ఇరుక్కుంటుంది, ఒత్తిడి ఒక్కసారి పెరుగుతుంది. అందుకే "దూరింది కదా అన్నా" అని డీలరు అంటే ఆ మాట పట్టించుకోకండి. పొట్టి తూటా పొడుగు ఛాంబర్లో వాడొచ్చు, పొడుగుది పొట్టి దాంట్లో వద్దు.

అదే చదును మీద ఇంకో ముద్ర వెతకాలి. ఇంగ్లండు తుపాకీ అయితే ఎన్.పి. అనో నైట్రో ప్రూఫ్ అనో ఉండాలి. ఇప్పటి పొగలేని మందుకి ఆ గొట్టం తట్టుకుంటుందని పరీక్ష చేసిన గుర్తు అది. మీ గొట్టాల మీద పాము చర్మంలా అలలు అలలుగా గీతలు కనబడితే అవి డమాస్కస్ గొట్టాలు, ఇనప పట్టీలు చుట్టి అతికినవి. పొగ వచ్చే పాత నల్ల తుపాకీ మందు కాలం నాటివి. వాటిని గోడకి తగిలించుకోండి, పేల్చకండి.

ఇరవై బోరు తూటా ఇంట్లో ఒక్కటి కూడా ఉండకూడదు, పన్నెండు బోరు ఉన్న ఇంట్లో అయితే అస్సలు. అది పన్నెండు కంటే సన్నం, పొరపాటున పన్నెండు బోరులో వేస్తే ఛాంబర్ దాటి ముందుకి జారి గొట్టంలో ఇరుక్కుంటుంది. ట్రిగ్గర్ లాగితే ఏమీ అవదు, ఖాళీ అనుకుని వెనకాల పన్నెండు బోరు తూటా వేస్తారు. ఆ దెబ్బకి గొట్టం చీలిపోతుంది, ముందు చెయ్యి ఉండే చోటే. ఇరవై బోరు కేసులు పసుపు రంగులో చేసేది అందుకే. పసుపు రంగు కనబడితే పక్కన పెట్టేయండి.

గుళ్ల సంగతి తొందరగా చెప్పేస్తా. నంబరు పెరిగితే గుండు చిన్నది. ఆరో నంబరు కంటే నాలుగు పెద్దది, దాని కంటే బీబీ పెద్దది, ఎస్.జి. ఇంకా పెద్దది, ఎల్.జి. అన్నిటికంటే పెద్దది. పంట కాపలాకి చప్పుడు చేయడమే మన పని, పెద్ద నంబరు ఉన్న చిన్న గుళ్లు చాలు. పంది పొలంలోకే వచ్చింది కదా అని అటవీ శాఖ అనుమతి లేకుండా కొడితే 1972 వన్యప్రాణి చట్టం కింద కేసవుతుంది. లఖారి లోయ వైపు నుంచి ఏనుగులు దిగే ఊళ్లవాళ్లకి ఇది ఇంకో రెండుసార్లు చెప్పాలి. ఏనుగు వచ్చిందంటే తుపాకీ లోపల పెట్టి ఫారెస్టువాళ్లకి ఫోన్ చేయండి.

మా వైపు ఎక్కువగా దొరికేది శక్తిమాన్. పుణె దగ్గర ఖడ్కీ మందుగుండు ఫ్యాక్టరీలో చేస్తారు. 1869 నాటి ఫ్యాక్టరీ అది, 2021 నుంచి మ్యూనిషన్స్ ఇండియా కింద నడుస్తోంది. ఏ కంపెనీదైనా పెట్టె తెరిపించి చూసే తీసుకోండి. మూతి మడతలు నడిమికి గట్టిగా కలిసి ఉండాలి, సందులోంచి గుండు తొంగి చూడకూడదు. అడుగున క్యాప్ మీద వేలు పెట్టి రాస్తే ఇత్తడితో సమానంగా తగలాలి, పైకి పొడుచుకొచ్చినట్టు ఉంటే వద్దు. అంచు చుట్టూ పచ్చటి చిలుము గానీ ఎర్రటి తుప్పు గానీ ఉంటే ఆ పెట్టె తడి తిన్నట్టే. ఇంటికొచ్చాక గొట్టాలు తుపాకీ నుంచి విడదీసి చేత్తో పట్టుకుని, ఒక్కో తూటా ఛాంబర్లో వదిలి చూడండి. తన బరువుకి తనే దిగాలి, తలకిందులు చేస్తే తనే రాలాలి. బొటనవేలుతో నొక్కాల్సి వస్తే అది పనికిరాదు. కాగితం కేసు ఉబ్బిందని ఉప్పుకాగితం పెట్టి రాసి దించేవాళ్లని చూశాను, ఆ పని చేయకండి.

కొన్న లెక్క లైసెన్సు పుస్తకంలో రాయించుకోకుండా కొట్టు దిగొద్దు. ఒకసారికి ఎన్ని, ఏడాదికి ఎన్ని అన్నది అందులోనే ఉంటుంది.

అసలు కష్టం దాచడంలో ఉంది. వంశధార పక్కన జూన్ నుంచి తుఫాన్ల నెల దాకా గోడ ముట్టుకుంటే చెయ్యి తడుస్తుంది. తేమ తగలకూడదని పెద్దవాళ్లు తూటాల సంచి పొయ్యి మీద అటక కింద వేలాడదీసేవారు. వేడికి మందు గుణం మారుతుంది, పైగా పొయ్యి పక్కన మందుగుండు ఏమిటి! రేకుల కప్పు కింద, బైకు డిక్కీలో, ఎండలో ఆరబెట్టడం, అన్నీ అదే కోవ. తోలు పటకాలో గుచ్చి ఉంచడం కూడా తప్పే. తోలు పదును చేయడానికి వాడిన రసాయనాలు ఇత్తడిని తింటాయి, రెండు వానాకాలాలకి పచ్చ చిలుము కడుతుంది. పటకా పొలానికి వెళ్లేటప్పటికే.

నేను చేసేది ఇది. మూతకి రబ్బరు చుట్టు ఉన్న గట్టి డబ్బా, తూటాలు వాటి అట్టపెట్టెలోనే ఉంచి అందులో పెట్టడం, పక్కన గుడ్డ మూటలో నీలం సిలికా గింజలు. గింజలు గులాబీ రంగుకి తిరిగితే మూకుట్లో సన్నటి సెగ మీద వేయించి, నీలం రాగానే చల్లార్చి మళ్లీ పెట్టాలి (ఆ మూకుడు మళ్లీ వంటకి వాడొద్దు, మా ఆవిడ దానికి సున్నంతో గుర్తు పెట్టింది). పెట్టె మీద కొన్న నెల, ఏడాది రాయండి, పాతవి ముందు వాడండి. విడి తూటాలు ఒక సంచిలో కలిపెయ్యొద్దు. డబ్బా ఒక గదిలో తాళం వేసి, తుపాకీ ఇంకో చోట తాళం వేసి ఉంచండి. తాళం చెవి పిల్లలకి అందని చోట కాదు, పిల్లలకి తెలియని చోట పెట్టాలి. తుపాకీకి రాసే నూనె తూటాకి తగలనివ్వకండి. సన్నటి నూనె క్యాప్ సందులోంచి లోపలికి ఇంకి, లోపలున్న మందుని చంపేస్తుంది.

2018 అక్టోబరులో తిత్లీ తుఫానుకి మా పెదనాన్న ఇంటి పెంకులు ఎగిరిపోయాయి. గుడ్డ సంచిలో ఉన్న కాగితం తూటాలు రాత్రంతా తడిశాయి. ఆరాక చూడ్డానికి బాగానే ఉన్నాయి. కందిచేలో ఒకటి పేలిస్తే ఢామ్మని రావాల్సింది తుస్సుమంది, భుజానికి తోపు కూడా తగల్లేదు. రెండోది వేయబోతుంటే మా అన్నయ్య ఆపి, గొట్టంలోకి వెలుతురు పెట్టి చూస్తే సగం దారిలో వాడ్ అడ్డంగా కూర్చుని ఉంది. దాని వెనకాల ఇంకోటి పేల్చి ఉంటే ఏమయ్యేదో చెప్పక్కర్లేదు. చప్పుడు తేడాగా వస్తే ఆగండి, తుపాకీ ఖాళీ చేయండి, గొట్టంలోంచి ఆకాశం కనబడిందాకా ఇంకో తూటా ముట్టుకోవద్దు.

అసలు పేలకపోతే పద్ధతి వేరు. తుపాకీ మూతి మనిషి లేని వైపే ఉంచి అర నిమిషం కదలకండి. ఒక్కోసారి క్యాప్ మెల్లగా అంటుకుని ఆలస్యంగా పేలుతుంది. ఆ తర్వాతే తెరిచి తీయండి. ఆ తూటాని మళ్లీ వేసి చూడొద్దు.

తడిసినవీ, పేలనివీ, తాతల నాటివీ ఏం చేయాలని అడుగుతారు. కోసి మందు తీయడం, నిప్పులో వేయడం, ఏట్లో పారేయడం, ఏదీ వద్దు. డీలరుకో పోలీస్ స్టేషన్‌కో లెక్క చెప్పి అప్పజెప్పి కాగితం తీసుకోండి. పేలిన ఖాళీ కేసులు కూడా ఎవరు పడితే వాళ్లు అడిగారని ఇవ్వకండి. కొండల మీద నాటు తుపాకులు చేసేవాళ్లకి అవి బంగారం.

పేల్చిన రోజే గొట్టం కడగాలి. కడ్డీకి ఇత్తడి బ్రష్ తగిలించి ఛాంబర్ వైపు నుంచి తోయాలి, తర్వాత గుడ్డ ముక్క తెల్లగా వచ్చేదాకా, చివర పల్చగా నూనె. వానాకాలంలో పేల్చినా పేల్చకపోయినా వారానికోసారి. బీరువాలో మూతి కిందికి పెట్టి నిలబెడితే నూనె కారి చెక్కలోకి ఇంకదు.

సరిహద్దు వాళ్లం కాబట్టి ఇంకొక్కటి. పర్లాకిమిడి నుంచి పాతపట్నం అంటే మనకి పక్క వీధి, పెళ్లిళ్లూ పేరంటాలూ అన్నీ అటే. తుపాకీకి మాత్రం అది వేరే రాష్ట్రం. లైసెన్సులో చెల్లుబాటు ప్రాంతం ఏమని రాసుందో చదవకుండా ఏరు దాటించకండి. పెళ్లి ఊరేగింపులో గాల్లోకి పేల్చమని బావలు సరదా పడతారు. 2019 సవరణలో దానికీ రెండేళ్ల దాకా జైలు లేదా లక్ష దాకా జరిమానా, ఒక్కోసారి రెండూ.

ఎన్నికలొస్తే తుపాకీ స్టేషన్‌లో పెట్టమంటారు. పెట్టే ముందు నూనె మామూలు కంటే కాస్త మందంగా రాయండి, రసీదులో తుపాకీ నంబరుతో పాటు తూటాల లెక్క కూడా రాయించుకోండి. తిరిగి తెచ్చుకున్నాక తూటా వేసే ముందు రెండు గొట్టాల్లోంచీ వెలుతురు చూడండి. నెలల తరబడి గోడకి ఆనించి ఉంచిన తుపాకీ గొట్టంలో కుమ్మరి పురుగు మట్టి గూడు కడుతుంది, అది తడి బంకమన్ను కంటే గట్టిగా పట్టుకుంటుంది. కడ్డీతో పొడిచి తీసి, బ్రష్ కొట్టి, నూనె తుడిచాకే తూటాల డబ్బా తాళం తీయండి.