ఖాళీ కంప్యూటర్‌తో సైన్సుకు సాయం – మూడో పాఠం: సెగ తగ్గించి పని రాబట్టడం

గత పాఠంలో, మన కంప్యూటర్ ఖాళీ సమయాన్ని శాస్త్రవేత్తల లెక్కలకు అప్పగించే బోయింక్ అనే ప్రోగ్రాం ఎక్కించుకుని, దాని ద్వారా నడిచే ఐన్‌స్టీన్ ఎట్ హోమ్ అనే ఖగోళ పరిశోధన ప్రాజెక్టులో చేరాం. ఈపాటికి మీ ల్యాప్‌టాప్ ఫ్యాను హోరెత్తుతూ ఉంటుంది, ఒళ్ళో పెట్టుకుంటే తొడ కాలుతూ ఉంటుంది. కంగారు పడకండి. మామూలుగా మన ప్రాసెసర్ సగం సేపు కునుకు తీస్తుంది. బోయింక్ వచ్చాక దానికి ఆ కునుకు లేదు, అంతే. కాకపోతే చల్లటి దేశాల వాళ్ళు రాసిన సెట్టింగులను ఒంగోల్లో యథాతథంగా పెట్టుకుంటే కుదరదు. రోహిణి కార్తెలో మా గదిలోనే 38 డిగ్రీలుంటుంది, మెషీన్ చల్లబడాల్సింది ఆ గాలితోనే.

ముందు ప్రాసెసర్ వేడిని చూపించే కోర్ టెంప్ లాంటి ఉచిత ప్రోగ్రాం ఒకటి వేసుకుని, బోయింక్ ఇరవై నిమిషాలు నడిచాక ఎన్ని డిగ్రీలుందో చూసి కాగితం మీద రాసుకోండి. నాది 93. అంత వేడెక్కితే ప్రాసెసర్ తనంతట తానే వేగం తగ్గించుకుంటుంది, మరీ మితిమీరితే మెషీన్ ఆగిపోతుంది. పోయిన మే నెలలో నాకు రెండుసార్లు అలాగే ఆగింది.

ఇప్పుడు బోయింక్ ఆప్షన్స్‌లో కంప్యూటింగ్ ప్రిఫరెన్సెస్ తెరవండి. పైనే రెండు గళ్ళుంటాయి. ఒకటి ఎంత శాతం సీపీయూలు వాడాలని, రెండోది ఎంత శాతం సీపీయూ టైం వాడాలని. చాలామంది రెండోదాన్ని తగ్గిస్తారు. నేనైతే దాన్ని 100 దగ్గరే ఉంచుతాను. దాన్ని తగ్గిస్తే బోయింక్ పనిని కాసేపు పరిగెత్తించి, కాసేపు ఆపి, మళ్ళీ పరిగెత్తిస్తుంది. వేడి ఎక్కుతూ దిగుతూ ఉంటుంది, ఫ్యాను ఒకసారి అరిచి ఒకసారి ఊరుకుంటుంది. రాత్రి పక్కన పడుకున్నవాళ్ళకు అదో నరకం.

తగ్గించాల్సింది మొదటిది. నా ల్యాప్‌టాప్ ప్రాసెసర్‌లో అసలు కోర్లు, అంటే విడివిడిగా లెక్కలు చేసే భాగాలు, నాలుగే, విండోస్ మాత్రం ఎనిమిది సీపీయూలున్నట్టు చూపిస్తుంది. ఒక్కో కోర్‌ని ఇద్దరు పంచుకుంటున్నట్టు లెక్క. ఎనిమిది టాస్కులు, అంటే ప్రాజెక్టు పంపే లెక్కల ముక్కలు, ఒకేసారి నడిపితే రెట్టింపు పని జరగదు, కాస్త ఎక్కువ జరుగుతుందంతే. అందుకని 50 పెట్టాను, నాలుగు టాస్కులు నడుస్తాయి. ర్యామ్ మీద భారమూ తగ్గింది.

అసలు కిటుకు బోయింక్‌లో లేదు, విండోస్‌లో ఉంది. కంట్రోల్ ప్యానెల్‌లో పవర్ ఆప్షన్స్, అందులో అడ్వాన్స్‌డ్ సెట్టింగ్స్, అందులో ప్రాసెసర్ పవర్ మేనేజ్‌మెంట్. అక్కడ మ్యాగ్జిమం ప్రాసెసర్ స్టేట్ 100 ఉంటుంది. దాన్ని 99 చేయండి. ఒక్క శాతంతో ఏమొరుగుతుంది అనిపిస్తుంది కదూ? చాలా మెషీన్లలో ఆ ఒక్క శాతంతో టర్బో, అంటే ప్రాసెసర్ తన మామూలు వేగాన్ని మించి పరిగెత్తడం, ఆగిపోతుంది. టర్బోలో వేగంతోపాటు వోల్టేజీ కూడా పెరుగుతుంది, వోల్టేజీ రెట్టింపైతే సెగ నాలుగింతలు. పైపైన వచ్చే ఆ కొద్దిపాటి వేగానికి మనం కట్టే ఖరీదు చాలా ఎక్కువ. నా మెషీన్లో ఆరు గంటల టాస్కుకు ఇప్పుడు ఎనిమిది గంటలు పడుతోంది. 93 కాస్తా 71కి దిగింది. నాకిది లాభసాటి బేరమే. కొన్ని కొత్త ల్యాప్‌టాప్‌లలో ఆ వరుసే కనపడదు. అలాంటప్పుడు పవర్ మోడ్‌ని ఎఫిషియెన్సీ వైపు మార్చుకోండి.

ఇవన్నీ చేసినా వేడి దిగలేదంటే దుమ్మే కారణం. మా బావమరిది చీమకుర్తిలో గ్రానైట్ క్వారీ ఆఫీసులో పనిచేస్తాడు. "బావా, దీనికేదో జబ్బు చేసింది" అని ల్యాప్‌టాప్ తెచ్చాడు. వెనక మూత విప్పితే ఫ్యాను రెక్కల మీద బూడిదరంగు పిండి, గాలి పోయే సన్నటి రేకుల మధ్య అట్ట కట్టేసి ఉంది. మెత్తటి బ్రష్‌తో దులిపాం. బ్లోయర్ వాడేవాళ్ళు రెక్కలు తిరగకుండా వేలితో పట్టుకోండి, లేకపోతే బేరింగ్ పోతుంది.

ఇక కరెంటు సంగతి. ల్యాప్‌టాప్ బ్యాటరీ మీదికి మారగానే బోయింక్ ఆగేలా ఒక టిక్కు ఉంటుంది, దాన్ని తీయకండి. ఇన్వర్టర్ మీద నడిచే డెస్క్‌టాప్‌కి మాత్రం కరెంటు పోయిన సంగతే తెలియదు. ఫ్యాన్లకని దాచుకున్న బ్యాటరీని అదే తాగేస్తుంది. అందుకే డైలీ షెడ్యూల్స్‌లో రాత్రి పది నుంచి పొద్దున ఏడు దాకా మాత్రమే అని పెట్టుకున్నాను. బిల్లు లెక్క కూడా చూడండి. అదనంగా 60 వాట్లు లాగే మెషీన్‌ని రోజంతా వదిలేస్తే నెలకు 43 యూనిట్లు. తొమ్మిది గంటలకైతే 16.

ఈ వారం ఇంటిపని: ఒక టాస్క్ మీద నొక్కి ప్రాపర్టీస్ తెరవండి. చేసిన పనిని డిస్కులో దాచుకోవడాన్ని చెక్‌పాయింట్ అంటారు. చివరి చెక్‌పాయింట్ తర్వాత ఎంత సీపీయూ టైం గడిచిందో అక్కడ కనిపిస్తుంది. ఆ క్షణంలో మెషీన్ ఉన్నట్టుండి ఆగిపోతే మీరు పోగొట్టుకునే పని అంత. రోజుకు మూడుసార్లు చూసి రాసుకోండి. వచ్చే పాఠంలో ఆ కాగితం కావాలి.