బ్రిడ్జ్‌లో ఏడు ఎప్పుడు పిలవాలి?

బ్రిడ్జ్ పేకాటలో గ్రాండ్ స్లామ్ (ఏడు పిలుపు, అంటే పదమూడు ట్రిక్కులూ, అనగా పట్లన్నీ, మావేనన్న పందెం) పిలిచే ముందు పదమూడు ట్రిక్కులు వస్తాయా అని ఆలోచిస్తే సరిపోదు. ఆరు (పన్నెండు ట్రిక్కులు) దగ్గర ఆగితే చేతికందేదాన్ని ఎంతమేరకు పణం పెడుతున్నామో కూడా చూసుకోవాలి.

వల్నరబుల్‌గా (లాభనష్టాలు రెండూ పెరిగే స్థితిలో) ఉండి 6 ఇస్పేట్లు పిలిచి పదమూడు ట్రిక్కులూ తెచ్చుకుంటే 1460 వస్తాయి; 7 పిలిచి ఉంటే 2210 వచ్చేవి, అంటే అదనపు లాభం 750. ఒక్క ట్రిక్కు తగ్గిందా, ఆరుకు రావలసిన 1430 పోవడమే కాక ఎదురు 100 ఇచ్చుకోవాలి, అంటే నష్టం 1530. ఈ లెక్కన ఏడు గిట్టుబాటు కావాలంటే నెగ్గే అవకాశం దాదాపు 67 శాతం ఉండాలి. జట్ల పోటీల్లో ఇవే తేడాలు 13, 17 ఇంప్‌లుగా (రెండు టేబుళ్ల స్కోర్ల తేడాను కుదించి లెక్కించే పాయింట్లుగా) మారతాయి కనుక 57 శాతం చాలు. అయితే ఇదంతా ఇవే ముక్కలు ఆడే అవతలి టేబుల్‌లో కూడా ఆరు పిలుస్తారన్న నమ్మకం మీద వేసిన లెక్క. వాళ్లు నాలుగు దగ్గరే ఆగిపోయి ఉంటే, ఆరు చేసినా మనకు 13 ఇంప్‌లు వస్తాయి, ఏడు చేస్తే 17 వస్తాయి, ఏడు పిలిచి ఒకటి తగ్గితే 13 పోతాయి. నాలుగు ఇంప్‌ల ఆశకు ఇరవై ఆరు ఒడ్డడమన్నమాట. దానికి 87 శాతం కావాలి. అందుకే ఆరుకు చేరడమే కష్టమనిపించిన చేతుల్లో నేను ఏడు జోలికి పోను.

ఒక ఫినెస్ (ఎదుటివాళ్లలో ఒకరి దగ్గరే పెద్ద ముక్క ఉందని నమ్మి ఆడే ఎత్తు) మీద ఆధారపడ్డ ఏడుకు 50 శాతమే అవకాశం, కాబట్టి అది పిలవరాదు. రెండు చేతుల్లో కలిపి తొమ్మిది తురుపులుండి రాణి లేకపోతే, ఆసు, రాజు ఆడినప్పుడు అది పడే అవకాశం 53 శాతమే. ఎదుటివాళ్ల దగ్గరున్న ఐదు ముక్కలు 3-2గా చీలే అవకాశం 68 శాతం, అంటే మొదటి లెక్కలోని 67 శాతానికి సరిగ్గా అంచు మీద ఉన్నట్టు.

పెద్ద ముక్కల పాయింట్ల (ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1) కన్నా ట్రిక్కులు లెక్కపెట్టడం ముఖ్యం. మీ చేతిలో ఇస్పేటు ఆసు, రాజు, రాణి, 7, 4. ఆఠీను ఆసు, 6. డైమన్ రాజు, 5. కళావరు ఆసు, 9, 8, 3 ఉన్నాయనుకోండి. మీరు 1 ఇస్పేటు పిలిస్తే భాగస్వామి 4 కళావర్లు అన్న సంకేతపు పిలుపుతో, తనకు నాలుగు తురుపులున్నాయనీ, కళావరు ఒక్కటే ఉందనీ తెలిపారు. ఆ తర్వాత అడిగిన మీదట డైమన్ ఆసు, ఆఠీను రాజు ఉన్నాయని తేలింది. ఇస్పేట్లు ఐదు, ఆఠీన్లు రెండు, డైమన్లు రెండు, కళావరు ఆసు కలిసి పది. మిగిలిన మూడు కళావర్లను డమ్మీలో (బల్ల మీద పరిచిన భాగస్వామి చేతిలో) తురుపు వేసి కొడితే పదమూడు. భాగస్వామికి డైమన్ రాణి, ఇస్పేటు జాకీ కూడా ఉన్నా రెండు చేతుల్లో కలిపి 30 పాయింట్లే. అవే పాయింట్లతో డమ్మీలో ఒక చిన్న డైమన్‌కు బదులు రెండో కళావరు ఉంటే, ఒక కళావరు ఓడక తప్పదు; అప్పుడు ఆరే గతి.

భాగస్వామి దగ్గరున్న రాజులను అడిగే 5 నోట్రంప్ అన్న సంకేతపు పిలుపు విషయంలో క్రమశిక్షణ తప్పనిసరి. నాలుగు ఆసులు, తురుపు రాజు, తురుపు రాణి అన్నీ మన వైపే ఉన్నాయని తేలాకే ఆ పిలుపు వాడాలి. ఎందుకంటే పొడవైన, గట్టి రంగు ఒకటి చేతిలో ఉన్న భాగస్వామి ఆ హామీని నమ్మి, రాజుల సంగతి చెప్పకుండా నేరుగా ఏడు పిలవవచ్చు.