ఈనే ఆవు దాణాలో సప్లిమెంట్లు కలిపే ముందు జాగ్రత్తలు

• ముందు మేత చూడండి. పీచు మేత చాలక నెమరు తగ్గితే ఏ పొడీ ఆదుకోదు.

• వంటసోడా ఈనకముందు వద్దు. అందులోని సోడియం వల్ల ఎముకల్లోని కాల్షియం రక్తంలోకి రావడం మందగిస్తుంది, ఈనగానే పాలజ్వరం (రక్తంలో కాల్షియం పడిపోయి ఆవు కూలబడే జబ్బు) రావచ్చు. పొదుగు వాపూ పెరుగుతుంది. ఈనాక అయితే మంచిదే: రోజుకు 100–150 గ్రాములు, రెండు పూటలా దాణాలో కలిపి.

• యానియానిక్ లవణాలు (పాలజ్వరం రాకుండా ఈనకముందు ఇచ్చే లవణాలు) ఇస్తుంటే మూత్రం పీహెచ్ (ఆమ్లత కొలత; తగ్గేకొద్దీ ఆమ్లం ఎక్కువ) 6.0–6.8 మధ్య ఉండాలి. 5.5 కంటే పడితే మోతాదు ఎక్కువైనట్టే, ఆవు మేత మానేస్తుంది. ఈనిన రోజే ఆపేయాలి.

• ఈస్ట్ (అరుగుదలకు ఇచ్చే సూక్ష్మజీవుల పొడి) ఈనడానికి 3 వారాల ముందే మొదలుపెట్టండి. బతికున్న ఈస్ట్ అయితే వేడి నీళ్లలో కలపకూడదు, చచ్చిపోతుంది. గడువు తేదీ చూడండి.

• ఈనాక దాణా రోజుకు అర కిలోకి మించి పెంచొద్దు. పిండిపదార్థం ఒక్కసారిగా పెరిగితే రూమెన్‌లో (ఆవు మొదటి పొట్టలో) ఆమ్లం పేరుకుంటుంది, పేగు గోడ కూడా దెబ్బతింటుంది. పేడ పల్చగా, నురగతో, అరగని గింజలతో పడితే అదే గుర్తు. ఈస్ట్ పెంచడం కాదు, దాణా తగ్గించాలి.

• పడిపోయి, మింగలేని ఆవుకు నోట్లో కాల్షియం ద్రవం పోయొద్దు. ఊపిరితిత్తుల్లోకి పోతుంది, డాక్టర్‌ను పిలవండి.