ఉపసమూహానికి పరిమిత జనకాలు ఉన్నాయో లేదో తేల్చడం ఎలా?

పర్లాకిమిడిలో మన పిల్లలు చాలామంది బడిలో ఒడియాలో, కాలేజీలో ఇంగ్లీషులో లెక్కలు నేర్చుకుంటారు. ఇంట్లో మాత్రం తెలుగే. ‘పరిమిత జనిత ఉపసమూహం’ అనే మాట అర్థం కాక నా దగ్గరికి వచ్చినప్పుడు నేను ముందు త్రాసు తీస్తాను. సమూహం అంటే ఒకదానితో ఒకటి కలిపినా, వెనక్కి తీసినా ఫలితం బయటికి పోని మూలకాల గుంపు; ఉపసమూహం దాని లోపల ఉండే అలాంటి చిన్న గుంపు. గిడుగు రామమూర్తి పంతులు పాఠాలు చెప్పిన ఊరు ఇది. శాస్త్రాన్ని వాడుక మాటల్లో ఇక్కడ చెప్పుకోకపోతే మరెక్కడ చెప్పుకుంటాం!

మన దగ్గర 200 గ్రాముల రాళ్ళు, 500 గ్రాముల రాళ్ళు కావలసినన్ని ఉన్నాయనుకోండి. ఎదుటి పళ్ళెంలో పెట్టిన రాయి కూడిక, సరుకు పక్కన పెట్టిన రాయి తీసివేత. జీడిపప్పు పక్కన రెండు 200 రాళ్ళు, అవతల ఒక 500 రాయి పెట్టండి. ముల్లు నిలిచిందంటే పప్పు సరిగ్గా 100 గ్రాములు. 50 గ్రాములు మాత్రం ఎన్ని రాళ్ళు పేర్చినా తూగదు. రెండు రాళ్ళూ 100కు గుణిజాలే కదా.

మొదట చేయవలసిన పని ఇదే. చేతిలో ఉన్న మూలకాలను, వాటి విలోమాలను (చేసినదాన్ని రద్దు చేసేవాటిని) ఎన్నిసార్లయినా కలిపి ఏమేమి వస్తాయో చూడండి. వచ్చినవన్నీ చేరి ఒక ఉపసమూహం అవుతుంది, మొదటి మూలకాలు దానికి జనకాలు. పూర్ణ సంఖ్యల్లో అయితే గ.సా.భా. కడితే చాలు: 200, 500 కలిసి పుట్టించేదంతా 100 ఒక్కటే పుట్టిస్తుంది.

తరువాత ఉపసమూహాన్ని తనలో ఉంచుకున్న పెద్ద సమూహం వైపు చూడండి. అది వినిమయ సమూహమై (ఏ వరుసలో కలిపినా ఫలితం ఒకటే వచ్చేదై), దానికి పరిమిత జనకాలు ఉంటే ప్రతి ఉపసమూహానికీ ఉంటాయి. వినిమయం కాకపోతే సహసమితులు, అంటే పెద్ద సమూహంలోని ఒక్కో మూలకాన్ని ఉపసమూహంలోని అన్నిటితో కలిపితే వచ్చే గుంపులు, లెక్కపెట్టండి. వాటి సంఖ్య పరిమితమైతే గణితవేత్త ష్రయర్ 1927లో ఇచ్చిన పద్ధతి పనికొస్తుంది: సమూహానికి 2 జనకాలు, ఉపసమూహానికి 3 సహసమితులు ఉంటే 3×(2−1)+1, అంటే 4 జనకాలు సరిపోతాయి.

సహసమితులు అనంతంగా ఉన్నప్పుడే జాగ్రత్త కావాలి. పెద్దదానికి రెండు జనకాలు చాలితే లోపలిదానికి ఇంకా తక్కువ చాలవా అని పిల్లలు అడుగుతారు. న్యాయమైన ప్రశ్నే. అప్పుడు ఈ లెక్క చేయిస్తాను.

సంఖ్యలతో రెండే పనులు చేయవచ్చు: 1 కలపడం, రెట్టింపు చేయడం. ఈ పనులే మూలకాలు; ఈ రెండూ పెద్ద సమూహానికి జనకాలు. వాటి విలోమాలు 1 తీసివేయడం, సగం చేయడం. 5 తీసుకోండి. రెట్టిస్తే 10, ఒకటి కలిపితే 11, సగం చేస్తే ఐదున్నర. ఏ సంఖ్యతో మొదలుపెట్టినా ఇలా అర కలుస్తుంది. రెండుసార్లు రెట్టించి, 1 కలిపి, రెండుసార్లు సగం చేస్తే పావు కలుస్తుంది. ఆపైన అరపావు (ఎనిమిదో వంతు), వీసం (పదహారో వంతు). ఇలా వచ్చిన పనుల్లో ఏదో ఒకటి కలిపేవి, తీసివేసేవి మాత్రమే ఏరితే ఒక ఉపసమూహం వస్తుంది.

దానికి పరిమిత జనకాలు ఉన్నాయేమో పరీక్షించండి. మీకు నచ్చిన కొన్నింటిని ఎంచుకోండి, వాటి హారాల్లో పెద్దది 16 అనుకుందాం. ఎంత కూడినా, ఎంత తీసినా వీసానికి గుణిజాలే వస్తాయి. 200, 500 రాళ్ళతో 50 గ్రాములు తూగనట్టే వీటితో అరవీసం తూగదు. కానీ అరవీసం ఆ ఉపసమూహంలోనే ఉంది: ఐదుసార్లు రెట్టించి, 1 కలిపి, ఐదుసార్లు సగం చేయండి. దాన్నీ జాబితాలో చేర్చుకుంటే, ఈసారి అందులో సగం తూగదు. కాబట్టి ఈ ఉపసమూహానికి పరిమిత జనకాలు లేవు.